ఉప్పు కచేరీలో పంకా

బందరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో, ఊరు అయిపోయి ఉప్పు మళ్లు మొదలయ్యేచోట ఓ పాత కచేరీ ఉంది. ఉప్పు కచేరీ అంటారు. దీపాలు పెట్టే వేళ దాటాక దాని ముందు నుంచి సైకిలు మీద పోవాల్సొస్తే, ఎంత మొనగాడైనా బెల్లు కొట్టకుండా పోతాడు. లోపలున్నవాడు ఎవరొస్తున్నారా అని తల తిప్పి చూస్తాడని భయం.

లోపలున్నవాడి పేరు పోలయ్య. బతికున్న రోజుల్లో పంకా లాగేవాడు.

తెల్లదొరల కాలంలో చుట్టుపక్కల ఉప్పు మళ్లన్నిటి మీదా అజమాయిషీ ఇక్కడి నుంచే. పెద్ద హాల్లో దొర కూర్చునేవాడు. దొర నెత్తిమీద, దూలానికి వేలాడుతూ మంచమంత పొడుగు గుడ్డ పంకా. దాని తాడు గోడలో బెజ్జంలోంచి వెనక వరండాలోకి పోయేది. అక్కడ పోలయ్య వెల్లకిలా పడుకుని, ఆ తాడు కుడికాలి బొటనవేలికి కట్టుకుని, కాలు ముడుస్తూ చాపుతూ లాగేవాడు. అలవాటైపోయిన కాలు... మనిషి నిద్రపోయినా అది ఆగేది కాదట.

ఒక్క మధ్యాహ్నం ఆగింది.

దొరకి చెమట పట్టింది. లేచొచ్చి, బూటుకాలితో డొక్కలో ఒక్క తన్ను తన్నాడు. పోలయ్య మళ్లీ లేవలేదు. దొర తిరిగొచ్చి కుర్చీలో కూలబడి పైకి చూస్తే — పంకా ఊగుతోంది.

అదండీ దాని చరిత్ర. దొర పోయాడు, దొరతనం పోయింది, ఉప్పు ఆఫీసూ ఎత్తేశారు. గబ్బిలాలు మాత్రం మిగిలాయి. రాత్రిళ్లు లోపల్నుంచి కిర్రు... కిర్రు... అని వినిపిస్తుందని సముద్రం మీద వేటకెళ్లే పల్లెవాళ్లు చెప్పుకునేవాళ్లు. అయినా పాపం, ఆ దెయ్యం ఎవరి జోలికీ వెళ్లలేదు. తన పంకా తను లాగుకుంటూ పడుంది. గవర్నమెంటే దాని జోలికొచ్చింది.

రెండువేల నాలుగో, అయిదో. పాత కట్టడాలన్నీ బాగుచేసి టూరిస్టులకి చూపించాలని పైన ఎవరికో బుద్ధి పుట్టింది. ఉప్పు కచేరీ పని హేమసుందర్ చేతికొచ్చింది.

హేమసుందర్ ఎవరంటారా? ఒకప్పుడు బెజవాడ ఆటోనగర్లో పాత లారీల్ని విప్పి సామాన్లు అమ్ముకునేవాడు. లారీలు విప్పినవాడికి బిల్డింగులు విప్పడం ఓ లెక్కా? కాంట్రాక్టరు అయిపోయాడు. చేతికి బంగారు గొలుసు, జేబులో రెండు సెల్‌ఫోన్లు, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట — "మన జనం ఉన్నారే, గొర్రెలండీ." దేవుడంటే నమ్మకం లేదని కాదు, దేవుడు ఆఫీసరు కాదుగా, ఆయన్తో పనేముందని. ఇంక దెయ్యాల సంగతి చెప్పాలా?

బాగుచేశాడండీ... ఏం బాగుచేశాడు! నూరేళ్లు నీళ్లు తగిలినా చెక్కుచెదరని రాతి స్తంభాలకి గులాబిరంగు ఆయిల్ పెయింటు కొట్టించాడు. గుమ్మం ముందు ఫౌంటెను కట్టించాడు. దాంట్లో నీళ్లు ప్రారంభోత్సవం రోజు ఒక్కసారి లేచాయి, మళ్లీ లేవలేదు. దొర బొమ్మ ఒకటి పోయించాడు. ఎర్రకోటు, బంగారు బొత్తాలు, చేతిలో కర్ర — పెళ్లి బ్యాండు మేళంలో ముందు నడిచేవాడు అచ్చం అట్లాగే ఉంటాడు. అద్దాలపెట్టెలో ఉప్పు పోసి 'ఉప్పు' అని బోర్డు పెట్టాడు. మొదటి వానాకాలానికే అది కరిగి నీళ్లయింది. బోర్డు మాత్రం అట్లాగే ఉంది.

హాల్లో పాత దూలం పుచ్చిపోయిందని రాయించి, దించేసి కొత్తది పెట్టించాడు. దానికో పంకా వేలాడగట్టించాడు, చూడ్డానికి. గోడలో ఆ బెజ్జం అసహ్యంగా ఉందని సిమెంటు పెట్టి పూడ్పించాడు. పంకా తాడు గోడదాకా వచ్చి, అక్కడో మేకుకి చుట్టుకుని ఆగిపోతుంది. అవతల వరండాలో ఎవరు పడుకున్నా, కాలికి కట్టుకుందామంటే తాడే లేదు.

అదే సమయంలో బెజవాడ పటమటలో ఆయన కొత్త ఇల్లూ లేచింది. బర్మాటేకు ద్వారబంధం, బర్మాటేకు పట్టెమంచం. చూసినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టేవాళ్లు. "ఇప్పుడిట్లాంటి కర్ర ఎక్కడ దొరుకుతుందండీ?" అనేవాళ్లు. "వెతికేవాడికి దొరుకుద్ది" అనేవాడు హేమసుందర్.

కచేరీ తెరిచారు. టికెట్ పెట్టారు. ఆదివారాలు గుడివాడ నుంచీ బెజవాడ నుంచీ జనం వచ్చి, దొర బొమ్మ భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగి, పల్లీలు తిని పొట్లాలు ఫౌంటెన్లో పడేసి పోయేవాళ్లు. అంతా బాగానే ఉంది. కానీ దెయ్యం ముదిరింది.

ఇదివరకు చప్పుడొక్కటే. ఇప్పుడు పొద్దున్నే తలుపు తీస్తే పంకా కింద గచ్చు మీద తెల్లగా పొడి... ఊడ్చినా మర్నాటికి మళ్లీ రాలి ఉంటుంది.

ఊడ్చేది నాంచారమ్మ. పక్క పల్లెలో వేటకెళ్లేవాళ్ల ఇంటి మనిషి. చేపల గంప దించి కచేరీ చీపురు పట్టింది. "పోలయ్య ఉప్పు చల్లతన్నాడు" అని తేల్చేసింది. ఉప్పు కచేరీలో చచ్చినవాడు ఉప్పు కాక ఇంకేం చల్లుతాడు? అందరికీ సబబుగానే తోచింది. నోట్లో వేసుకు చూసినవాడు ఒక్కడూ లేడు. ఎట్లా వేసుకుంటారు? మామూలు మనిషి చేతిలోంచి ఉప్పు చేత్తో అందుకోవడానికే మనవాళ్లు ఒప్పుకోరే, కింద పెట్టు తీసుకుంటాం అంటారే. అట్లాంటిది దెయ్యం చల్లిన ఉప్పు! అది తిన్నవాడు దాని ఉప్పు తిన్నట్టే, ఇంక దాని చాకిరీ వాడు చెయ్యాల్సిందే అని పల్లె పల్లెంతా నమ్మింది. ఓ పేపరువాడు ఇదంతా ఫొటోతో సహా వేశాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి టూరిస్టులు ఖాళీ అయిపోవడం మొదలుపెట్టారు.

ఇదీ హేమసుందర్ గొంతులో ముల్లయింది. ఎందుకంటే చల్లపల్లి అవతల ఇంకో పాత కచేరీ ఉంది, దీనికి రెండింతలు. ఆ పని కూడా తనకే రావాలి. దాని కోసమే ఇంటి మీద అప్పు తెచ్చి ఇవ్వాల్సినవాళ్లకి ఇచ్చేశాడు. ఇప్పుడది రాకపోతే ఇల్లు, టేకు మంచంతో సహా పోతుంది. సంతకం పెట్టాల్సిన పెద్దాఫీసరు వెంకటసుబ్బారావు గారు పేపరు చదివి, "టూరిస్టులు చీకటిపడే దాకా నిలవని చోట సాయంత్రం లైటింగు షో ఎట్లా పెడతామయ్యా? నేనే వచ్చి చూస్తాను. టికెట్ కొనుక్కుని, మామూలు జనంలాగా" అన్నారు.

ఎండాకాలం ఆదివారం వచ్చారు. వెంట వాళ్లావిడ పద్మావతమ్మ గారు. టికెట్లు హేమసుందరే కొన్నాడనుకోండి.

"చూశారాండీ సార్, ఆ కలరు! పింకు. హెరిటేజి పింకు" అన్నాడు స్తంభం మీద చెయ్యేసి. చేతికి రంగు అంటింది. ప్యాంటుకి తుడుచుకున్నాడు.

వెంకటసుబ్బారావు గారు పుట్టి బుద్ధెరిగాక ఒక్క గోడ కూడా తట్టి చూసిన మనిషి కాదు. తలాడించారు. "బావుందయ్యా, ఫ్రెష్‌గా ఉంది" అన్నారు. నూరేళ్ల కట్టడం ఫ్రెష్‌గా ఉందిట.

పద్మావతమ్మ గారు మాత్రం గుమ్మం దగ్గరే ఆగారు. "చీకటి పడకుండా వెళ్లిపోదామండీ. పేపర్లో అదేదో వేశారుగా..."

"అయ్యో అమ్మగారూ, మన జనం సంగతి తెలియనిదేముంది, గొర్రెలు!" అని నవ్వాడు హేమసుందర్. "ఇవాళ లైట్లేసేదాకా హాల్లోనే కూర్చుందాం. దొర కుర్చీలోనే! దెయ్యమొస్తే కాఫీ ఇద్దాం."

పంకా కిందే కుర్చీలు వేయించాడు. బందరు లడ్డూలు ప్లేట్లో పెట్టించాడు. నాంచారమ్మ లాంతరు తుడుస్తూ గుమ్మం బయటే నిలబడింది. రమ్మన్నా లోపలికి రాలేదు.

"బాబుగారూ, పొద్దు గూకతంది. ఇంక లెగండి."

"నీ పని నువ్వు చూస్కో నాంచారమ్మా. జీతం తీసుకుంటూ పుకార్లు పుట్టిస్తావా? రేపట్నుంచి రావొద్దంటే ఏంచేస్తావ్?"

"సేపలమ్ముకుంటా" అంది నాంచారమ్మ. "మీరేం చేస్తారో చూసుకోండి."

ఆఫీసరు గారు నవ్వారు. హేమసుందర్ నవ్వలేదు.

పొద్దుగుంకింది. ఉప్పు మళ్ల మీద వెలుగు పోయింది. లైట్లు వెలిగాయి... "చూశారా సార్!" అంటుండగానే టప్‌మని ఆరిపోయాయి. కరెంటు కోత.

ఉక్క. ఆకు కదలడం లేదు. సముద్రం అంత దగ్గర్లో ఉన్నా, ఆ గులాబిరంగు గోడల మధ్య గాలన్నమాట లేదు. పద్మావతమ్మ గారు కొంగుతో విసురుకుంటున్నారు. గుమ్మం బయట నాంచారమ్మ లాంతరు వెలిగించింది. ఆ కాస్త వెలుగే లోపలికి.

అప్పుడు —

కిర్రు...

పద్మావతమ్మ గారు కొంగు విసరడం ఆపారు.

కిర్రు... కిర్రు...

"ఏమండీ," అన్నారు పద్మావతమ్మ గారు గుసగుసగా. "గాలి వేస్తోందేంటండీ?"

హేమసుందర్ తలెత్తాడు. పంకా ఊగుతోంది. అటు... ఇటు... ఓ పక్కకి కాస్త ఎక్కువ, ఓ పక్కకి కాస్త తక్కువ, కాలు కుంటుతున్నట్టు.

నాంచారమ్మే, దొంగది, వెనక్కెళ్లి లాగుతోంది అనుకున్నాడు. "నాంచారమ్మా! చాల్లే నీ వేషాలు!" అని అరిచాడు.

"నేనిక్కడే ఉన్నా బాబుగారూ" అని గుమ్మంలోంచే వినిపించింది. లాంతరు కూడా ఎత్తి చూపించింది.

వేరే ఎవరో వరండాలో... అనుకోబోయి ఆగిపోయాడు. బెజ్జం పూడ్పించింది తనే. సిమెంటు గట్టిపడేదాకా పక్కన నిలబడి చూసింది కూడా తనే. తాడు మేకు దగ్గర ఆగిపోతుంది. అవతల ఏమీ లేదు.

ఒళ్లు జల్లుమంది. జన్మలో మొదటిసారి. అయినా ఎదురుగా ఆఫీసరు. ఇప్పుడు బెదిరినట్టు కనిపిస్తే చల్లపల్లి పోయినట్టే.

"గాలండీ, సముద్రపు గాలి" అన్నాడు. ఆకు కదలడం లేదని ముగ్గురికీ తెలుసు.

టప... టప... మెత్తగా ఏదో రాలింది. లడ్డూల ప్లేటు మీద తెల్లగా పరుచుకుంది. హేమసుందర్ చేతి మీద, ఆఫీసరు గారి బట్టతల మీద...

"ఉప్పు!" అన్నారు పద్మావతమ్మ గారు. "ఉప్పండీ!"

గుమ్మంలోంచి నాంచారమ్మ కేక. "నోట్లో ఎట్టుకోమాకండమ్మా! ఎవురూ నోట్లో ఎట్టుకోమాకండి!"

అదిగో, అక్కడ హేమసుందర్‌కి పొగరు తలకెక్కింది. చేపలమ్ముకునేది తనకి చెప్పేదేంటి! చూపుడువేలు ప్లేటులో అద్ది, అందరూ చూస్తుండగా నాలిక మీద రాసుకున్నాడు.

"చూడండి సార్, ఏం లేదు. ఒట్టి..."

మాట మధ్యలోనే ఆగిపోయింది.

ఉప్పగా లేదు.

నాలిక చురుక్కుమంది. సున్నం. సున్నంలో ఇంకేదో గరగరలాడింది... పంటి కింద నలిపాడు. రంపప్పొట్టు లాంటిది. చెమ్మగా, ముక్కవాసన కొడుతూ.

ఆ రుచి ఏమిటో ఈ లోకంలో తెలిసినవాడు ఆయనొక్కడే. మెల్లిగా తలెత్తాడు. ఊగుతున్నది పంకా కాదు. పంకాని మోస్తున్న దూలం.

దూలమంటే దూలమా అది! అసలు దూలం, నూరేళ్లు గట్టిగా నిలబడ్డ బర్మాటేకు దూలం, పుచ్చిందని కాగితం మీద రాయించుకుని, లారీ ఎక్కించి పటమట తోలించాడు. ద్వారబంధమూ, పట్టెమంచమూ దాన్నే కోయించి చేయించుకున్నాడు. ఇక్కడ దాని స్థానంలో పెట్టింది సముద్రపొడ్డున నరుకుతారే, ఆ సరుగుడు బాదులు. నాలుగు కలిపి మేకులు కొట్టి, చుట్టూ ప్లైవుడ్ పెట్టె బిగించి, పైన టేకు రంగు కొట్టించాడు. ఆ పెట్టె లోపల ఒక్కో బాదూ పుచ్చి, కుంగి, కిర్రుమంటోంది. కుంగినప్పుడల్లా పంకా ఊగుతోంది. పైకప్పు సున్నం రాలుతోంది. ఇన్నాళ్లూ నాంచారమ్మ పొద్దున్నే ఊడ్చి పారబోసింది పోలయ్య ఉప్పు కాదు, హేమసుందర్ కట్టిన కప్పుని. రోజుకో గుప్పెడు.

ఇప్పుడా కప్పు కిందే ముగ్గురూ.

'దూలం కూలుతోంది, లేవండి' అంటే చాలు. కానీ అన్నాడా, 'ఏం దూలం వేశావురా?' అని అడుగుతారు. చల్లపల్లి పోతుంది, ఇల్లు పోతుంది, జైలు తప్పదు. చెప్పకపోతే...

ఆ పెద్దమనిషి ఏమనుకున్నాడో తెలుసా? ఇన్నాళ్లు ఆగిందిగా, ఇంకో అరగంట ఆగకపోతుందా అనుకున్నాడు. మనసారా అనుకున్నాడండీ! ఎదురుగా తన తల్లి వయసావిడ కుర్చీలో ముడుచుకుని కూర్చునుంటే. ఆయన మనసు అంత. ఇంతలో పైన ఫట్‌మని ఏదో విరిగింది. సుద్దగడ్డంత పెళ్ల ఊడి ఆయన కాళ్ల దగ్గరే పడింది. తన కాళ్ల దగ్గర పడేసరికి దయ పుట్టింది.

"ఉప్పండీ!" అని వెర్రికేక పెట్టాడు. "ఉప్పే! దెయ్యమండోయ్! పరిగెత్తండి!"

చెప్పి, తనే ముందు పరిగెత్తాడు. లడ్డూల ప్లేటు తన్నేసి, ఆఫీసరు గారిని భుజంతో తోసేసి, గుమ్మంలో నాంచారమ్మ చేతిలో లాంతరు ఎగరగొట్టి మరీ. పద్మావతమ్మ గారిని లోపలికెళ్లి చెయ్యి పట్టుకు లాక్కొచ్చింది, ఆ సాయంత్రం ఎంత పిలిచినా గడప తొక్కని నాంచారమ్మే.

ఫౌంటెను గట్టు మీద కూలబడ్డారు అందరూ. లోపల్నుంచి కిర్రు... కిర్రు...

వెంకటసుబ్బారావు గారు రొప్పుతూ అడిగారు. "నువ్వు నోట్లో పెట్టుకున్నావుగా... నిజంగా ఉప్పేనా?"

హేమసుందర్ నాలిక మీద సున్నం ఇంకా మండుతూనే ఉంది. "ఉప్పేనండి" అన్నాడు. "కల్లుప్పు. అమ్మతోడు."

నాంచారమ్మ చీకట్లో ఆయన మొహంలోకి చూసింది. కోపంగా కాదు, జాలిగా.

"తినేశారా బాబుగారూ?" అంది నెమ్మదిగా. "అయితే పోలయ్య ఇంక పడుకుంటాడు."

కచేరీకి తాళం వేశారు. తొలకరి వానకి హాలు కప్పు మొత్తం కూలిపోయింది. ఎవరూ లేరు కాబట్టి ఎవరూ చావలేదు. శిథిలాల్లో సరుగుడు బాదులు ఎవరికీ కనపడలేదా అంటే, చూడ్డానికి వెళ్లిన ఇంజనీరు దెయ్యం భయానికి గేటు బయటే నిలబడి రిపోర్టు రాశాడు. బాదులు పల్లెవాళ్ల పొయ్యిల్లోకి పోయాయి. కప్పు కూలడానికి కారణం 'స్థల ప్రభావం' అని రాశాడట ఆ ఇంజనీరు.

పద్మావతమ్మ గారు కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పుకున్నారు, హేమసుందర్ గారు తన ప్రాణం లెక్కచెయ్యకుండా దెయ్యం ఉప్పు తిని మమ్మల్ని కాపాడారని. కళ్లనీళ్లు పెట్టుకుని మరీ. ఆ చల్లపల్లి పని ఇంకెవరికిస్తారు? ఆయనకే ఇచ్చారు. అక్కడా స్తంభాలకి గులాబిరంగేనట. మీరెప్పుడైనా ఆ దారిన టికెట్ కొనుక్కుని లోపలికెళ్తే, దొర బొమ్మని తర్వాత చూడొచ్చు, ముందు కప్పు చూడండి.

బందరు వెళ్లినవాళ్లకి ఊళ్లో ఇక్కడిదాకానే చెప్తారు. మిగిలింది ఆయన భార్య కనకదుర్గ వాళ్ల అక్కతో అంది. ఆ అక్కావిడ ఊరుకునే మనిషి కాదు కాబట్టి మనదాకా వచ్చింది.

ఆ ఆదివారం రాత్రి హేమసుందర్ ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా టేకు మంచం మీద పడి నిద్రపోయాడట. కాసేపటికి మంచం కిర్రుమంటుంటే కనకదుర్గకి మెలకువ వచ్చింది. చూస్తే మొగుడు వెల్లకిలా పడుకుని, కుడికాలు ముడుస్తున్నాడు... చాపుతున్నాడు... మళ్లీ ముడుస్తున్నాడు. కళ్లు మూసుకునే ఉన్నాయి. కుడికాలి బొటనవేలు మాత్రం, దానికేదో బిగించి కట్టినట్టు, కందిపోయి ఉంది.

ఆ రోజు మొదలు రోజూ అంతే. తెల్లారేసరికి ఆయనకేమీ గుర్తుండదు. ఒంట్లో చేవ మాత్రం ఉండదు. డొక్కలో నొప్పంటాడు. ఏ డాక్టరుకీ అంతుపట్టలేదు.

మొదట్లో ఆవిడ భయపడి లేపబోయిందట. కానీ ఎండాకాలం. నడిరాత్రి కరెంటు పోతుంది. వీధి వీధంతా వాకిట్లోకొచ్చి విసనకర్రలతో ఆపసోపాలు పడుతుంటుంది. ఆ మంచం మీద మాత్రం ఆవిడకి చల్లగా, ఆగకుండా, పైనుంచి గాలి తగులుతోందట.

ఇప్పుడు లేపడం మానేసింది.